పురుగు పండిన రోజు

అక్కయమ్మ తట్టలో చెయ్యి పెట్టి, పండిన పట్టుపురుగులను ఒక్కొక్కటిగా ఏరి వెదురు చంద్రిక మీద వదులుతూ ఉంది. పండిన పురుగు ఆకు ముట్టదు. ఒళ్లు పసుపురంగుకు తిరిగి, తల పైకెత్తి, గూడు అల్లుకోవడానికి చోటు వెతుకుతుంది. ఆ పూట దాన్ని చంద్రిక మీదికి చేర్చకపోతే అన్నాళ్ల కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే. అందుకే కామసముద్రంలో పురుగు పండిన రోజు, అయినవాళ్లింట పెళ్లయినా చావయినా, ఆ ఇంటివాళ్లు గడప దాటరు.

యాభై దాటిన మనిషి. నడుం వంగింది, మోకాళ్లు పట్టేశాయి. వేళ్లు మాత్రం ఇంకా మెత్తన. ఏ పురుగూ ఆ చేతిలో నలగదు. ఊళ్లో ఆమె గురించి అంతకుమించి చెప్పుకునేదేమీ లేదు.

ఇంకా పండని పురుగుల కోసం కొడుకు శశికుమార్ ఆకుమోపు తెచ్చి తలుపు దగ్గర దించాడు. లోపలికి రాలేదు. అక్కయమ్మ లేచి మోపును లోపలికి లాక్కుని, గోలెంలోని మందునీళ్లలో చేతులు కడుక్కుంది. పురుగుల ఇంట్లోకి వచ్చేవాళ్లెవరైనా కడుక్కోవలసిందే. కానీ ఆమె కడుక్కున్నది వాడి చేతిది ముట్టుకున్నందుకు. ఆ సంగతి వాడికీ తెలుసు.

పోయిన ఏడాది మాస్తి నుంచి సంబంధం వచ్చినప్పుడు వాడు తల్లితో ఉన్నమాట చెప్పేశాడు. తన మనసు ఆడపిల్లల మీద లేదు, గనులు మూతపడ్డ చాంపియన్ రీఫ్స్‌లో ఆటో నడుపుకునే జయరాం మీద ఉంది. అక్కయమ్మకు తల కొట్టేసినట్టయింది. గుండె బరువు దించుకుందామని ఆడబిడ్డ గురువమ్మ చెవిన వేసింది. గురువమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఊరంతా గుప్పుమంది. ఆ వెంటనే వచ్చిన పంటలో పురుగంతా జబ్బుపడి చచ్చిపోయింది.

"ఇట్లాటోడు లోపలికొస్తే పురుగు నిలుస్తాదా?" అంది గురువమ్మ. తండ్రి చిక్కవెంకటప్ప ఆ రోజే కొడుకును పురుగుల ఇంటి గడప తొక్కవద్దన్నాడు.

అక్కయమ్మ నోరు మెదపలేదు. పురుగెందుకు పోయిందో ఆమెకు తెలుసు. జడివానలో కోసుకొచ్చిన ఆకును ఆరబెట్టకుండా, పురుగు ఆకలికి తాళదని తడితడిగానే వేసింది తనే. పట్టుపురుగులు పెంచే ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెయ్యని తప్పు. మొగుడి నోటికి జడిసి, నేరం కొడుకు నెత్తిన పడుతుంటే పడనిచ్చింది. పోనుపోను గురువమ్మ మాటే నిజమేమో అనుకోసాగింది. చేతులు కడుక్కునేకొద్దీ ఆ నమ్మకం ముదిరింది.

"అమ్మా, ఒక మాట." వాడింకా బయటే నిలబడి ఉన్నాడు.

"పురుగు పండిండాది గదప్పా. సందేళ చెప్పరాదా?" ఆమె మోపు విప్పుతూనే అంది.

"నాకు బతకాలని లేదమ్మా. శానా దినాలుగా ఇదే తోస్తా ఉండాది."

ఆమె చెయ్యి ఆగిపోయింది. మొదట వెనక్కి తిరిగి చూసింది, లోపల పనిలో ఉన్న మొగుడు విన్నాడేమోనని.

"నిన్న ఫోన్లో ఒకమ్మతో మాట్లాడినాను. ఇట్లా తోచేవాళ్లకని ఉండే నంబరు, జయరామే ఇచ్చినాడు. ఒంటిగా ఉండొద్దు, ఇంట్లో ఎవరికన్నా చెప్పు, డాక్టర్ను చూడు అనింది ఆయమ్మ. కోలారు ఆస్పత్రికి పోవాల. ఒక్కణ్ణే పోవాలంటే భయంగా ఉండాది. నువ్వు తోడు రామ్మా."

"దానికి మందుండాదా?"

"నేను ఇట్లుండేది రోగం కాదమ్మా. చావాలని తోస్తాది చూడు, దానికి."

"బస్సులో ఎవరన్నా అడిగితే ఏం చెప్పేదప్పా? రేపు పోదాంలే. ఈ పొద్దు పురుగు..."

"సరేమ్మా," అన్నాడు. అలిగి కాదు, ఏ పని చెప్పినా తలూపే గొంతుతోనే అన్నాడు. వంగి ఖాళీ గోనె మడుచుకున్నాడు. "మళ్లా మోపు ముట్టినావు. చెయ్యి కడుక్కో."

అక్కయమ్మ తన చేతుల వంక చూసుకుంది. ఏడాదిగా కొడుకును చూసి సిగ్గుపడుతూ వచ్చింది. ఇప్పుడు వాడి ఎదుట తనకే తల ఎత్తబుద్ధి కాలేదు. చచ్చిపోవాలనుందని బిడ్డ చెబితే, మొగుడు విన్నాడా అని చూసింది తాను.

చెయ్యి కడుక్కోలేదు. ఆ చేత్తోనే వాడి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఉండప్పా. ఇప్పుడే పోదాం."

లోపల చంద్రికలు సర్దుతున్న చిక్కవెంకటప్ప తలెత్తాడు. "యాడికి? పురుగు పండిండేది కనపడలేదా? తిక్క పట్టిందా నీకు?"

"కోలారు ఆస్పత్రికి. బిడ్డకు బతకాలని లేదంట."

ఆయన చేతిలోని చంద్రిక కింద పెట్టాడు.

"ఇంగొకటి విను. పోయిన ఏడు పురుగు చచ్చింది నా వల్ల. తడి సొప్పు ఏసింది నేను. వాడిది తప్పేం లేదు."

ఆయన ఏమంటాడో వినడానికి ఆమె ఆగలేదు. దోవలో ఎదురైనవాళ్ల మొహం చూడలేక కొంగు తల మీదికి లాక్కుంది. "ఈ పొద్దు యాడికి పోతా ఉండావక్కా?" అని ఎవరో అడిగితే, "బిడ్డతో ఆస్పత్రికి," అనగలిగింది. జయరాం బంగారుపేటలో కలుస్తాడని శశికుమార్ నెమ్మదిగా చెప్పాడు. "కలవనీప్పా," అంది. వాడి చెయ్యి మాత్రం వదల్లేదు.

బస్సెక్కి కూర్చున్నాక గానీ కాళ్లకు చెప్పులు లేవని ఆమె చూసుకోలేదు. అవి పురుగుల ఇంటి గడప బయట, తెల్లవారుజామున విడిచినవి విడిచినట్టే ఉండిపోయాయి.