బల్లల కింది తీగ

ఆ పూట కూడా ఆమె తీగ బాగుచేస్తూ బల్ల కిందే ఉంది. ఆఫీసులోని కంప్యూటర్లన్నిటినీ కలిపేది ఒకే ఒక్క నల్లటి తీగ. బల్ల నుంచి బల్లకు పాకి, రెండు కొసల్లోనూ చిన్న బిరడాతో ముగుస్తుంది. బిరడా ఊడిందంటే పంపిన సమాచారం కొసను తాకి వెనక్కి మళ్ళి, ఎదురొచ్చేదాన్నంతా చెడగొడుతుంది. ఎవరి కాలు తగిలినా అంతస్తంతా ఆగిపోవాల్సిందే. నడిచినన్నాళ్ళూ అది ఆఫీసు నెట్‌వర్కు. ఆగిన మరుక్షణం, "మేడమ్, మీ వైరు పోయింది!"

ఇంట్లోనూ అంతేగా అనుకుంది, దుమ్ములో మోకాళ్ళమీద జరుగుతూ. అత్తగారు కులాసాగా ఉన్న రోజు "మా అమ్మ". పక్క తడిపిన రోజు "మీ అత్తగారి సంగతి చూడు". ఆ మాటలనే భర్త ఇదే అంతస్తులో, లెక్కల విభాగంలో కూర్చుంటాడు. ఈ తీగమీద రెండు యంత్రాలు ఒకేసారి మాట్లాడితే మాటలు ఢీకొంటాయి. అప్పుడు రెండూ ఆగి, కాసేపు తగ్గి, మళ్ళీ మొదలెడతాయి. ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఆగేది తనే.

బల్ల పక్కన రెండు జతల బూట్లు వచ్చి ఆగాయి. ఒక గొంతు మేనేజరుది.

"కొత్త పద్ధతి వస్తోందయ్యా. టోకెన్ లాంటిదొకటి యంత్రాల చుట్టూ తిరుగుతుంటుందట. అది అందినప్పుడే మాట్లాడాలట. నేర్చుకోడానికి రెండు నెలలు హెడ్డాఫీసులో ఉండాలి. మీ ఆవిడ పేరు పంపనా?"

"అబ్బే, కుదరదండీ. మా అమ్మనెవరు చూస్తారు?"

"ఓ మాట అడిగి చూడు."

"అడగడమెందుకండీ, నాకు తెలీదూ? మా ఆవిడకి ఇలాంటివాటి మీద ఆశ లేదు."

ఆశ లేదట! కొత్త నెట్‌వర్కు కావాలని మొదట అడిగింది తనే. ఆ సంగతి అన్నాల దగ్గర ఎంతో సంబరంగా చెప్తే, ఆయన గ్లాసు ముందుకు తోసి "నీళ్ళు" అన్నాడు.

జుట్టుకు అంటిన దుమ్ముతోనే బయటికొచ్చి నిలబడింది.

"నా పేరు పంపండి సార్. వెళ్తాను."

మేనేజరు దగ్గాడు. భర్త నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

ఇంటికొచ్చాక విరుచుకుపడ్డాడు. "నలుగురిలో నా పరువు తీశావు! ఇంట్లో నాతో ఓ మాట అనొచ్చుగా?"

"నాకు ఆశ లేదని చెప్పేముందు మీరు నన్నడిగారా?"

లోపలిగదిలోంచి అత్తగారు పిలిచింది. అలవాటుగా ఆమె కదలబోయి, ఆగింది. మరోసారి పిలుపు వినబడ్డాక ఆయనే విసుగ్గా లేచి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి చొక్కా చేతులు తడిసి ఉన్నాయి, గొంతు తగ్గింది.

"సరే, ఎవర్నైనా మనిషిని పెడదాంలే. రెండు నెలలేగా. అయిపోగానే వచ్చేస్తావుగా?"

వస్తానందామని నోరు తెరిచింది. బయటికొచ్చిన మాట మాత్రం, "చూద్దాం." అందుకు ఆయనకంటే ఆమే ఎక్కువ ఆశ్చర్యపోయింది.