లేచిపోవడం గురించి ఒక కుర్చీ మాట

నేను ఒక మడత కుర్చీని. ఇనప కాళ్లు, టేకు పలకలు. కూర్చుంటే చప్పుడు చెయ్యను. లేస్తే మాత్రం కిర్రుమంటాను. అది పుట్టుకతో వచ్చిన గుణం. రాజమండ్రిలో నన్ను బిగించిన మేస్త్రి ఒక సీల వంకరగా దించాడు. అంతలో అన్నానికి పిలుపొచ్చింది. వెళ్లిపోయాడు. ఆ సీలే నా గొంతు.

లేచిపోవడం అన్న మాటకి మీ మనుషులు వేరే అర్థం పెట్టుకున్నారు. ఆడమనిషి ఇల్లు వదిలి ఎవరితోనన్నా వెళ్తే లేచిపోయింది అంటారు. అదీ గొంతు తగ్గించి. కుర్చీకి ఆ అర్థం తెలీదు. నా లెక్కలో లోకమంతా లేచిపోయేవాళ్లే. ప్రెసిడెంటుగారు లేచిపోయారు. పురోహితుడుగారు లేచిపోయారు. ఉండిపోయినవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

నా మొదటి కొలువు కాలువ పక్క ఊళ్లో రేకుల టాకీసు. ముందు నేల, మధ్యలో బెంచీలు, వెనక మేము. మనుషులు బొమ్మ చూడ్డానికి వస్తారని మొదట్లో అనుకున్నాను. కాదు. తప్పించుకోడానికి వస్తారు. ఎండ నుంచి, పొలం నుంచి, చుట్టాల నుంచి. ఒకాయన పెళ్లాం తిట్లు పడలేక పరిగెత్తుకొచ్చి నాలో కూలబడేవాడు. తెర మీద ఒకావిడ మొగుణ్ణి తిడుతుంటే పగలబడి నవ్వేవాడు. మీ సంగతి నాకు అప్పుడే కొంత తెలిసింది.

నా కిర్రు వినీ వినీ మగవాళ్లకి చిరాకేసింది. ఆడవాళ్ల వైపు, చిట్టచివర, పక్క తలుపు దగ్గర పడేశారు. మాణిక్యం నాకు దొరికింది అక్కడే.

మాణిక్యానికి నలభై దగ్గర. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. మరిది సత్తిరాజు ఇంట్లో ఉండేది. ఉండేది అంటే వండేది. పొద్దున్న పెసరట్లు, మధ్యాన్నం వంట, సాయంత్రం కాఫీలు, రాత్రి మళ్లీ వంట. వారానికి రెండుసార్లు, పక్కవీధిలో సహస్రనామం చదువుతున్నారని చెప్పి మ్యాట్నీకి వచ్చేది. ఆ మూడుగంటల్లో కూడా చివరి అరగంట ఆమెది కాదు. కాఫీ వేళకి ఇంట్లో ఉండాలి. అందుకని ఏ బొమ్మా చివరిదాకా చూసింది లేదు.

పుస్తకాలూ అంతే. అద్దెకిచ్చే నవలలు కొంగులో దాచుకుని తెచ్చేది. దీపాలు ఆర్పేలోపు రెండు పేజీలు చదివేది. అద్దె నవలలకి చివరి పేజీలుండవు కదా. ఎవరో చింపి బఠాణీలు పొట్లం కట్టి ఉంటారు. కోటలో బందీ అయిన పిల్ల తాడు పట్టుకుని కిటికీలోంచి దిగుతూ ఉంటుంది. సగంలో పుస్తకం అయిపోతుంది. పాపం ఆ పిల్ల ఇప్పటికీ వేలాడుతూనే ఉంది.

గేటు దగ్గర తాతబ్బాయి టిక్కెట్లు చింపేవాడు. పెళ్లి కాలేదు. మాట తక్కువ. ఆమె వచ్చే రోజున ముందే తన తువ్వాలు నా మీద పరిచి ఉంచేవాడు. ఎవరన్నా కూర్చోబోతే, "అది విరిగిపోయిందండీ," అనేవాడు. నాకు కోపం వచ్చేది. ఆమె వచ్చాక తువ్వాలు తీసి దులిపేవాడు.

ఆ రోజుల్లో ఒక జైలు బొమ్మ ఆడింది. చెయ్యని నేరానికి లోపల పడ్డ మనిషి చెంచాతో గోడ తవ్వుతాడు. మాణిక్యం మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ గోడకి సగం కన్నం పడేసరికి కిర్రుమని లేచింది. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగింది.

"తాతబ్బాయీ, చివరికి బయటపడతాడా?"

"చెబితే ఏం బాగుంటదండీ? చూడాలి గానీ."

"నేనెప్పుడు చూస్తాను! నా గోడ ఎవరు తవ్వుతారు?"

తాతబ్బాయి బుర్ర గోక్కున్నాడు.

నాలుగోసారి వచ్చిన రోజున సత్తిరాజు ఇంటికి చుట్టాలు దిగారు. కాఫీ పెట్టే దిక్కు లేదు. సహస్రనామం దగ్గర అడిగితే, ఇక్కడికి ఏనాడూ రాలేదన్నారు. ఎవరో టాకీసు పేరు చెప్పారు. సత్తిరాజు చెప్పులు టపటపలాడించుకుంటూ గేటుకొచ్చాడు.

సరిగ్గా అప్పుడే నేను కిర్రుమన్నాను. తాతబ్బాయి విన్నాడు.

"మా ఒదిన లోపలుందా?"

"లేదండీ. ఇప్పుడే లేచిపోయింది."

సత్తిరాజు మొహం మాడింది. "లేచిపోయిందా! ఎవడితో?"

"ఎవరితో ఏటండీ? ఎప్పుడూ ఒక్కతే లేచిపోద్ది."

"ఎప్పుడూనా!"

"ఆయ్. వారానికి రెండుసార్లండీ. కాఫీ టయానికి."

సత్తిరాజు గుండె పట్టుకున్నాడు. "ఒరేయ్, ఊళ్లో అందరికీ తెలుసా ఈ సంగతి?"

"ఆ వరసలో కూర్చున్నోళ్లందరికీ తెలుసండీ. కుర్చీ అరుస్తది కదా."

ఇంకేముంది. సత్తిరాజు రైలుస్టేషనుకి పరుగు. వెనకాల సోడా బండి వాడు, వాడి వెనక కిళ్లీ కొట్టు వాడు. బొమ్మల్లో లేచిపోయినవాళ్లు రైలే ఎక్కుతారు. అందుకని ఊరంతా స్టేషనుకే పోయింది. టాకీసుకి వచ్చి మీరు నేర్చుకున్నది ఇదీ.

మాణిక్యం ఎక్కడుందంటారా? నాలోనే ఉంది. పక్క తలుపు తీసి చూస్తే గేటు దగ్గర మరిది కనిపించాడు. వెనక్కొచ్చి మళ్లీ కూర్చుంది. కూర్చుంటే నేను చప్పుడు చెయ్యనని చెప్పాను కదా. తాతబ్బాయికి అది తెలీలేదు. ఇంటికెళ్తే తిట్లు ఎలాగూ తప్పవు, ఈ బొమ్మ చివర చూసే వెళ్దామనుకుంది. నా చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. తెర మీద గోడ కూలింది. ఆ మనిషి వెలుగులోకి వచ్చి నవ్వాడు. శుభం అని పడింది. దీపాలు వెలిగాయి.

తాతబ్బాయి లోపలికొచ్చి ఆమెని చూసి నిలబడిపోయాడు.

"మీరు లేచిపోయారండీ," అన్నాడు.

"ఏంటీ?"

జరిగింది చెప్పాడు. చెబుతుంటే మొహం చిన్నబోయింది. "నేను మామూలుగా అన్నానండీ. ఆయన ఇంకోలా పట్టుకెళ్లాడు. ఊరంతా తెలిసిపోయింది. నా నోరు పడిపోనూ."

మాణిక్యం తల వంచుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె వణుకు నాలోకి వచ్చింది. చూస్తే నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"ఇంతకీ ఎవరితోనంట?"

"అది తేలలేదండీ. వెతుకుతున్నారు."

"ఈ బొమ్మలో నాకు ఒకటి నచ్చలేదు తాతబ్బాయీ. బయటికొచ్చి నవ్వాడు, శుభం అన్నారు. వాడు ఆ పూట అన్నం ఎక్కడ తిన్నట్టు?"

"అది చూపించరండీ. అది మనం చూసుకోవాలి."

మనం అన్నాడు. అని, తనే ఉలిక్కిపడ్డాడు. ఆమె నేలచూపు చూసింది. తర్వాత అతన్ని చూసింది.

"పేరు ఎలాగూ వచ్చేసింది. ఇప్పుడింటికెళ్తే వచ్చిన పేరు దండగ. నాకు పెసరట్లు వెయ్యడం వచ్చు. నీకేం వచ్చు?"

"టిక్కెట్లు చింపుతానండీ."

"పెసరట్టుకి టిక్కెట్టు లేదు. అల్లం దంచుతావా?"

"దంచుతానండీ."

ఆమె లేచింది. నేను కిర్రుమన్నాను. అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. తాతబ్బాయి తువ్వాలు భుజాన వేసుకుని వెనకాలే వెళ్లాడు. ఊరంతా స్టేషన్లో పెట్టెపెట్టె వెతుకుతుంటే వీళ్లు కాలువలో లాంచీ ఎక్కారు. ఈ ముక్క తర్వాత విన్నాను.

టాకీసు ఎక్కువ కాలం నిలవలేదు. రేకులు తుప్పుపట్టాయి. మమ్మల్ని పాత ఇనప సామాన్ల కొట్టు ముందు గుట్టగా పోశారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఒక రోజు ఒక మనిషి గుట్టలో చెయ్యి పెట్టి ఒక్కో కుర్చీ తెరిచి, కూర్చుని, లేచి చూస్తున్నాడు. కొట్టువాడికి పిచ్చివాడేమో అనిపించింది. నా వంతు వచ్చింది. కూర్చున్నాడు, లేచాడు. కిర్రుమన్నాను.

"ఇదేనండీ," అన్నాడు తాతబ్బాయి.

ఇప్పుడు రావులపాలెంలో పెసరట్ల హోటల్లో ఉంటున్నాను. గల్లాపెట్టె వెనక, మాణిక్యం కింద. పైన చూరులో నాలుగైదు అద్దె నవలలు. తాడు మీద వేలాడే పిల్ల కథకి చివర ఏమవుతుందో మాణిక్యమే చెప్పేస్తుంది. దిగి, పెసరట్టు తిని, ఇంకో ఊరు వెళ్లిపోయిందట.

ఆమధ్య సత్తిరాజు కూడా వచ్చాడు. తిట్టడానికే వచ్చాడు. ముందు ఒక అట్టు తిన్నాడు. తర్వాత ఇంకోటి తిన్నాడు. "ఇంట్లో ఎవరికీ ఇలా కుదరట్లేదొదినా," అని, తిట్టడం మర్చిపోయి వెళ్లాడు.

మధ్యాన్నం జనం పల్చబడ్డాక మాణిక్యం నీళ్లకి లేస్తుంది. నేను అరుస్తాను. లోపల రోటి దగ్గర అల్లం దంచుతున్నవాడు చెయ్యి ఆపి తల బయటికి పెడతాడు.

"దీనికో చుక్క నూనె వెయ్యవయ్యా," అంటుంది ఆమె. "ఆ టాకీసులో అన్నిటికీ వేశావు, దీనికొక్కదానికే వెయ్యలేదు. ఇక్కడా అంతే. ఎందుకని?"

తాతబ్బాయి ఎప్పుడూ ఒకటే చెబుతాడు.

"వేస్తే, నువ్వు లేచిపోతే నాకెలా తెలుస్తది?"