నివేదికలో ఏడు నిమిషాలు

లెనోరా చొక్కా ఇస్త్రీ చేస్తుంటే భర్త డ్వైట్ అన్నాడు, "మబ్బులు చూడ్డానికి అంత చదువెందుకే? వానొచ్చే ముందు మా నాన్నకి మోకాలు సలిపేది." పద్నాలుగేళ్లుగా ఈ మాటకి ఆమె నవ్వుతూనే ఉంది. ఆ రోజూ నవ్వి, అతని డబ్బా కట్టి, రాత్రి వంటకి చిక్కుడు గింజలు నానబోసి, వాతావరణ కేంద్రానికి బయలుదేరింది. ఓక్లహోమాలో మే నెల అంటే సుడిగాలుల కాలం, సెలవు దొరకని నెల.

సాయంత్రం నాలుగున్నర దాటాక తెరమీద పడమటి మబ్బు దగ్గర ఆమె చూపు ఆగింది. అక్కడి రాడార్ అడ్డంగా ఒక తరంగం, నిలువుగా ఒక తరంగం పంపి, తిరిగొచ్చినవాటిని పోల్చి మబ్బులో ఉన్నవాటి ఆకారం చెబుతుంది. పెద్ద చినుకు బల్లపరుపుగా ఉంటుంది. దొర్లే వడగల్లు గుండ్రంగా కనిపిస్తుంది. నీళ్లు గడ్డకట్టాల్సిన ఎత్తు దాటాక కూడా ఇప్పుడు బల్లపరుపు చినుకులే, స్తంభంలా నిలబడి ఉన్నాయి. గాలి వాటిని అంత బలంగా పైకి ఎగదోస్తోంది. కింద సుడి బిగుస్తోంది.

"హెచ్చరిక ఇచ్చేద్దాం," అంది.

షిఫ్టు పెద్ద కర్టిస్ తల తిప్పలేదు. "ఎవరైనా కళ్లారా చూసి ఫోన్ చెయ్యనీ. పోయిన వారం ఉత్తినే సైరన్ మోగించి తిట్లు తిన్నాం. నీకు కంగారెక్కువమ్మా."

కూతురికి చెవిపోటొచ్చినప్పుడు డ్వైట్ కూడా కంగారనే అన్నాడు. సరేనని రెండు రోజులు ఆగింది. పిల్లకి ఎడమ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు. అది గుర్తొచ్చేసరికి గడియారంలో ఏడు నిమిషాలు గడిచాయి. ఎవరినీ అడక్కుండా హెచ్చరిక పంపేసింది.

కాసేపటికి తెరమీద, సుడి ఉన్నచోటే, ఒకదాన్నొకటి పోలని ముక్కలు కనిపించాయి. అవి చినుకులు కావు. చెక్కలు, రేకులు, కొమ్మలు.

ఎవరూ చనిపోలేదు. చక్రాల మీది తేలికపాటి ట్రైలర్ ఇంట్లో ఒంటరిగా ఉండే ఓపల్ అనే ముసలామె, తలదాచుకోడానికి వెళ్తూ, పక్కింటి నేలమాళిగకి ఇరవై అడుగుల దూరంలో, తుంటి విరిగి దొరికింది.

మర్నాడు కర్టిస్ కాఫీ తెచ్చిచ్చాడు. "నివేదిక నువ్వే రాయి, నీ రాత బాగుంటుంది. కేంద్రం సకాలంలో గుర్తించిందని రాస్తే చాలు."

ఆమె రాసింది: "నాలుగూ నలభై ఒకటికి హెచ్చరిక ఇద్దామన్నాను. కర్టిస్ వద్దన్నాడు. ఏడు నిమిషాలు నేనూ ఆగాను."