తిరగని ముందు చక్రం

ఒక్కనాడూ పని చేయని వస్తువు ఏనాడు చెడిపోయినట్టు?

కడపలోని సర్వీస్ సెంటర్‌లో తన వంతు కోసం కూర్చున్న యేసుప్రసాద్ తనను తాను ఈ ప్రశ్న అడిగి చాలాసేపయింది. ఒళ్ళో పాత తువ్వాలులో చుట్టిన ఇనుప భాగం ఉంది. పిడికిలికి కాస్త పెద్దది. జీపు ముందు చక్రాన్ని ఇరుసుతో కలిపేది అదే. మెకానిక్కులు హబ్ లాక్ అంటారు. నాలుగు చక్రాలూ లాగవలసిన చోట లివర్ వేస్తే, ఇది లోపల పళ్ళు పట్టుకుని ముందు చక్రాలను కూడా పనిలోకి దించాలి. యేసుప్రసాద్ జీపులో అది ఎన్నడూ పళ్ళు పట్టుకోలేదు. ఆ సంగతి అతనికి తెలిసేనాటికి వారంటీ దాటిపోయింది.

వేంపల్లె అవతల, కొండ పాదాన, అతనికి చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. తోటకూ రోడ్డుకూ నడుమ ఒక వంక, వాన పడితేనే పారే వాగు. ఏడాది పొడుగునా అది వంక కాదు, ఇసుక పరచిన దారి. పారిన నాడు మాత్రం ఎవరి మాటా వినదు. తిరుపతిలో తత్వశాస్త్రం చదువుకుని, తండ్రి ఏసన్న పోయాక తోటకు వచ్చి స్థిరపడిన యేసుప్రసాద్‌కు ఆ ఏకాంతం నచ్చింది. నర్సు చదువు చదివిన కృపమణికి అతను నచ్చాడు. ఏకాంతం నచ్చిందని ఆమె ఎప్పుడూ అనలేదు. అతను అడగనూ లేదు.

పెళ్ళయిన రెండో ఏడు మైదుకూరులో ఆమె తల్లి రాహేలమ్మ పోయింది. కబురు వచ్చిన పొద్దున వంక రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. కృపమణి గట్టు మీది రాయి మీద కూర్చుని నీటినే చూస్తూ ఉండిపోయింది. మైదుకూరులో చర్చివాళ్ళు ఎదురుచూసినంత సేపు చూసి, పెట్టె మూసి, సమాధుల తోటకు మోసుకుపోయారు. తల్లి కడసారి చూపు ఆమెకు దక్కలేదు. కొన్నాళ్ళకు యేసుప్రసాద్ నాలుగు చక్రాలూ లాగే జీపు కొన్నాడు. పాస్టరు వచ్చి బానెట్ మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాడు. "ఇంగ ఏ వంకా నిన్ను ఆపదు మణీ," అన్నాడు యేసుప్రసాద్. తల్లి పోయాక కృపమణి మొదటిసారి నవ్వింది అప్పుడే.

ఆ తర్వాత మూడేళ్ళు వంక పారలేదు.

వానను నమ్ముకోలేని నేలలో మనిషికి దాచుకోవడం ఒక మతం లాంటిది. తొట్టిలో నీళ్ళు, వామిలో గడ్డి, ఏదైనా సరే అవసరం మీదికి వచ్చేదాకా ముట్టుకోడు. బండి చేతికిచ్చిన నాడు షోరూమ్‌ మనిషి చెప్పిన మాట కూడా యేసుప్రసాద్‌కు ఈ నేల మాటలాగే వినిపించింది. "గట్టి నేల మీద ఫోర్ వీల్ వేయొద్దు సార్, అరిగిపోతాది." వాన లేని ఏళ్ళలో అతని చుట్టూ గట్టి నేల తప్ప ఇంకేముంది? వంక ఇసుక సైతం ఎండకు బిగిసి చాపలా పడి ఉండేది. అందుకే వేయలేదు. అప్పుడప్పుడు మాత్రం ఇంటి ముందు బండి నిలిపి లివర్ లాగి చూసేవాడు. మీటర్ల నడుమ చిన్న పచ్చదీపం వెలిగేది. చాలుననుకుని లివర్ తోసేసేవాడు. దాచినది దాచినట్టే ఉందని తృప్తి. దాచిన నీళ్ళు మిగులుతాయి గనుక దాచిన పనిముట్టూ మిగులుతుందనుకున్నాడు.

ఆ మూడేళ్ళలోనే కృపమణికి కడపలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. అక్కడే గది తీసుకుంది. మొదట్లో ప్రతి ఆదివారం తోటకు వచ్చేది. తర్వాత నెలకొకసారి. తర్వాత క్రిస్మస్‌కూ ఈస్టరుకూ. ఇద్దరూ పోట్లాడుకున్నది లేదు. పోట్లాడినా బాగుండేది, ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉండేది. అన్నం ఒక్కడికే వండుకునే అలవాటు చేతికి ఎప్పుడు వచ్చిందో యేసుప్రసాద్‌కు గుర్తు లేదు. ఫోనులో ఆమె "బాగుండావా?" అని అడిగితే "బాగుండా" అనేవాడు. లివర్ లాగితే దీపం వెలిగినట్టు.

ఈ ఏడు రాహేలమ్మ జ్ఞాపకార్థ కూటానికి కలిసి పోదామని అతనే పిలిచాడు. ఆమె ముందు రోజే తోటకు వచ్చింది. ఆ రాత్రి వాన పడింది. తెల్లవారేసరికి వంక మోకాటి లోతున పారుతోంది. యేసుప్రసాద్‌కు లోలోపల సంతోషం వేసింది. ఇన్నాళ్ళకు తన మాట చెల్లించుకునే రోజు వచ్చింది.

గట్టు దగ్గర కృపమణి తలుపు తెరవబోయింది. "నేను దిగి చూస్తా, నువ్వు మెల్లగా పోనీ. ముందు చక్రాలు లాగేది లాగనిది బయటికి కనపడతాది."

"అక్కర్లేదులే. దీపం ఎలిగింది, చూడు."

"నేను దీపాన్ని అడగలేదప్పా."

"కూచో మణీ. నా మీద అంత నమ్మకం లేదా నీకు?"

ఆమె తలుపు మూసి కూర్చుంది.

నడివంకలో వెనక చక్రాలు ఇసుకను తవ్వుకుంటూ దిగబడ్డాయి. ముందు చక్రాలు చుట్టపుచూపుగా వచ్చినవాటిలా ఊరికే నిలబడ్డాయి. నీళ్ళు తలుపు అంచును తడుముతున్నాయి. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. కృపమణి చెప్పులు చేత పట్టుకుంది, తెల్లచీర మోకాళ్ళ పైకి చెక్కుకుంది, బైబిలు సంచి నెత్తిన పెట్టుకుని దిగింది. యేసుప్రసాద్ చెయ్యి అందించబోయేలోగా ఆమె సగం దాటింది. అవతలి గట్టెక్కాక వెనక్కి తిరిగి, "కూటం అయిపోతాది, నేను పోతాండా," అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతను దాన్ని పట్టుకుని ఆమె వెంట పోయి ఉండేవాడు.

ఆటో పట్టుకుని, రెండు బస్సులు మారి ఆమె చేరేసరికి ముగింపు ప్రార్థన అయిపోయింది. సాయంత్రం ఫోను చేసి ఒక్క మాట చెప్పింది. "అమ్మకు రెండుసార్లూ నేను అందలేదు." తర్వాత ఫోను రాలేదు. అతనూ చేయలేదు.

జీపును ట్రాక్టరుతో లాగించి వేంపల్లెలో ముస్తాక్ షెడ్డుకు చేర్చాడు. ముస్తాక్ చాలా ఏళ్ళుగా తెలిసిన మెకానిక్కు. నోరు చేతికన్నా వేగం.

"లివర్ సరిగ్గా ఏసుండవులే అన్నా," అన్నాడు చూడకుండానే. "మీ సదువుకున్నోళ్ళు గేరు గూడా ఆలోచించి ఏస్తారు. ఆలోచన అయ్యేలోపల బండి మునుగుతాది."

కుడి పక్క హబ్ విప్పాడు. బాగానే ఉంది. ఎడమ పక్కది విప్పి మాత్రం ఎగతాళి మానేశాడు. లోపలి పళ్ళు కొత్త పెళ్ళికొడుకు పళ్ళలా మెరుస్తున్నాయి. గీత పడలేదు, అరగలేదు.

"దీంట్లో స్ప్రింగే లేదన్నా! లోపలి పళ్ళచక్రాన్ని ముందుకు తోసేదే అది. ఫ్యాక్టరీలోనే మరిచిపోయినారు. ఇది పుట్టినకాడ్నుంచీ పట్టుకోలా."

"కుడి పక్కది బాగుంది కదా?"

"బాగుంటే ఏం లాభం? రెండు పక్కలా పట్టుకోవాల. ఒకటి వదిలేసిందంటే రెండోది ఎంత పట్టుకున్నా బలమంతా వదిలేసిన పక్కనుంచి కారిపోతాది."

యేసుప్రసాద్ ఆ ఇనుప భాగాన్ని తువ్వాలులో చుట్టుకున్నాడు. ఇప్పుడతనికి ఒక పని దొరికింది. లోపం తనది కాదు, కంపెనీది. ఆ మాట కంపెనీ నోటనే చెప్పించి కృపమణి దగ్గరికి తీసుకుపోవాలి. కొత్త భాగం ఉచితంగా వస్తుందా రాదా అన్నది అతనికి పట్టలేదు. ఆ మాట ఒక్కటి చాలు.

దానికోసమే, వెనక చక్రాలతోనే నడిచే ఆ జీపులో కడపకు తిరుగుతున్నాడు. ఒకసారి చూసే మనిషి లేడన్నారు, ఇంకోసారి పైవాళ్ళను అడగాలన్నారు. కృపమణి పని చేసే ఆసుపత్రి ఆ రోడ్డు మీదే ఉంది. వచ్చిన ప్రతిసారీ దాని ముందునుంచే పోయాడు. తల తిప్పి చూడలేదు. వట్టి చేతులతో ఆమె ముందు ఎట్లా నిలబడేది?

"రాండి సార్," అని పిలిచాడు భూపేష్. సర్వీస్ సెంటర్‌లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగి. మర్యాద తెలిసినవాడు. తువ్వాలు విప్పి, హబ్‌ను వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూశాడు.

"స్ప్రింగు లేనిది నిజమే సార్. కానీ వారంటీ ఎండాకాలంలోనే అయిపోయింది. ఆ మూడేళ్ళలో ఎప్పుడు తెచ్చినా, మారుమాట లేకుండా మార్చిచ్చేవాళ్ళం."

"ఆ మూడేళ్ళు వంక పారలేదు. పారకుండా లోపం ఎట్లా తెలుస్తాది?"

"వాన పడకపోతే కంపెనీ ఏం చేస్తాది సార్? బండికి వారంటీ ఇస్తాం గానీ వానకు ఇయ్యలేం కదా." నవ్వబోయి, ఎదుటి ముఖం చూసి మానుకున్నాడు.

"లోపం మీదేనని ఒప్పుకుంటాండారా, లేదా? అది చెప్పండి."

"ఒప్పుకుంటాం సార్. మాదే తప్పు. మీది ఏమాత్రం కాదు. మా మేనేజరుతో కూడా చెప్పిస్తా, ఉండండి. కొత్తది ధర తగ్గించి ఇప్పించే పూచీ నాది."

అంతే. ఇన్నాళ్ళు తిరిగింది ఆ మాట కోసమే. అంత సులువుగా చేతిలోకి వచ్చి పడింది. యేసుప్రసాద్ దాన్ని మనసులో పట్టుకుని కృపమణి ముందు నిలబడి చూసుకున్నాడు. 'తప్పు నాది కాదు మణీ, వాళ్ళే ఒప్పుకున్నారు.' ఆమె ఏమంటుంది? 'సరే' అంటుంది. ఆ తర్వాత?

"ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు సార్," అన్నాడు భూపేష్, హబ్‌ను మళ్ళీ తువ్వాలులో పెడుతూ. "దీనికి వాన కూడా అక్కర్లేదు. వదులు ఇసుకలో మీరు బండిని మెల్లగా నడిపి, ఇంకొకరు బయట నిలబడి చూస్తే తెలిసిపోయేది. లోపల కూచున్నోనికి ముందు చక్రం కనపడదు కదా. ఇంట్లో ఎవరూ లేరా సార్?"

అడిగినవాడు మామూలుగా అడిగాడు. జవాబు కోసం ఆగకుండా లోపలి గదిలోకి చూస్తూ ఎవరినో పిలుస్తున్నాడు కూడా.

యేసుప్రసాద్‌కు గట్టు కనిపించింది. సగం తెరిచిన తలుపు, దాని మీద కృపమణి చెయ్యి. 'నేను దిగి చూస్తా.' అతను చదివిన పుస్తకాలన్నీ కలిసి చెప్పగలిగింది ఇంతకంటే ఏముంది? తన చూపుకు అందని చోటు ఒకటి ఉందని ఒప్పుకోవడం, అక్కడ నిలబడి చూసేవారిని వేడుకోవడం. ఆమె అడిగింది చక్రం సంగతి. అతను జవాబు చెప్పింది నమ్మకం సంగతి. స్ప్రింగు మరిచినవాళ్ళు ఫ్యాక్టరీలో ఉన్నారు, నిజమే. కానీ ఆ తలుపు మూయించింది ఫ్యాక్టరీ కాదు.

తోటలో వంటగది గుర్తొచ్చింది. ఒక్క కంచం, ఒక్క గ్లాసు. చూసే మనిషి లేని ఇంట్లో తాను కూడా ఆ చక్రంలా నిలిచిపోలేదని ఎట్లా తెలుస్తుంది?

"మేనేజరు వస్తాండాడు సార్," అన్నాడు భూపేష్.

"వద్దు, ఆయన్ను పిలవొద్దు. కొత్తది ఒకటి ఇవ్వండి, మామూలు ధరకే."

"తగ్గిస్తామన్నా కదా సార్. బిగించి, మేమే టెస్టు చేసి ఇస్తాం. చూసేదానికి మనుషులుండారు."

"బిగించేదానికి ముస్తాక్ ఉండాడు. చూసేదానికి..." యేసుప్రసాద్ ఆగాడు. "చూసేదానికి ఒకరిని అడగాల."

డబ్బు కట్టి కొత్తది తీసుకుని, పాత హబ్‌ను బల్ల మీదే వదిలేశాడు. "సార్, ఇది మరిచినారు!" అని భూపేష్ వెనకనుంచి కేకేశాడు. యేసుప్రసాద్ వెనక్కి రాలేదు. కొత్తదాన్ని అట్టపెట్టెతో సహా పక్క సీటు మీద పెట్టి, ఆసుపత్రి వైపు బండి తిప్పాడు.

పగటి షిఫ్టు వాళ్ళు బయటికి వస్తున్నారు. గుంపులో కృపమణి చివరగా, ఒక్కతే వచ్చింది. జీపును చూసి నిలబడిపోయింది. తర్వాత గబగబా నడిచింది.

"ఏమప్పా, ఎవరికన్నా బాగలేదా?"

"లేదు. అందరూ బాగుండారు." ఆ 'అందరూ' అతనొక్కడేనని ఇద్దరికీ తెలుసు.

స్ప్రింగు మాట నాలుక చివరన ఉంది. అతను దాన్ని అక్కడే వదిలేశాడు.

"మణీ, ముందు చక్రానికి కొత్తది తెచ్చినా. ముస్తాక్ బిగిస్తాడు. బిగించినాక అది పట్టుకునేది లేనిది నాకు లోపల్నుంచి తెలీదు. వంక ఇసుకలో నేను నడుపుతా. నువ్వు బయట నిలబడి చూడాల."

"ఏం, దీపం ఎలగదా?"

"ఎలుగుతాది. చక్రాన్ని చూసి చెప్పేది దానికి చేతకాదు."

"నేను చూసి, తిరగలేదంటే?"

"తిరగలేదు అనే నమ్ముతా."

వెనక ఆటోవాడు హారన్ మోగించాడు. కృపమణి చేతిలోని అన్నం క్యారియరును బానెట్ మీద పెట్టింది. చున్నీ నడుముకు బిగించి, ఎడమ పక్క ముందు చక్రం దగ్గరికి పోయి వంగింది.

"ఈడ తెలీదు మణీ. రోడ్డు మీద ఏ చక్రమైనా తిరుగుతాది."

"తెలిసినంత తెలుస్తాదిలే. పోనీ."

అతను ఎక్కి కూర్చున్నాడు. లివర్ జోలికి పోలేదు. అద్దంలో ఆమె కనపడటం లేదు, చక్రమూ కనపడటం లేదు. బండిని మెల్లగా, జానెడు జానెడుగా ముందుకు పోనిచ్చాడు.