నలభై అయిదు బోరుకు నాలుగు చుక్కల నూనె

పుట్టుకతో నేను ఒక పిస్తోలును. నాకు వచ్చిన మాట ఒక్కటే, అదీ చెవుల్లో దూది పెట్టుకుంటే తప్ప వినలేనంత పెద్దది. అందుకే ఇన్నేళ్లలో నా కథ ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

సముద్రాల అవతల ఒక కర్మాగారంలో ఉక్కు దిమ్మ నుంచి నన్ను చెక్కారు. బోరు నలభై అయిదు, తూటా చిటికెన వేలంత లావు. ఒక తూటా పేలగానే నా పైభాగం వెనక్కి జరిగి, ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరి, తర్వాతి తూటాను తానే ఎక్కించుకుంటుంది. ట్రిగ్గరు మాత్రం ప్రతిసారీ మనిషే నొక్కాలి. అంటే సగం పని నాది, సగం మనిషిది. చిక్కులన్నీ రెండో సగంలోనే వస్తాయని చాలాకాలం గర్వంగా అనుకునేదాన్ని.

నా మొదటి యజమాని పోతినాయుడు రోడ్ల కాంట్రాక్టరు. నన్ను కొన్నది పేల్చడానికి కాదు, కనిపించడానికి. నా పిడికి దంతంలా మెరిసే తెల్ల పలకలు వేయించాడు. పదకొండేళ్లలో నాచేత ఆరు తూటాలు కూడా పేల్పించలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఆయుధాలన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి కదా, అక్కడి బీరువాలోనే నాకు లోకజ్ఞానం అబ్బింది. అక్కడున్నవన్నీ ఎవరికో ఒకరికి భయపడి కొన్నవే. వాటి యజమానులను ఆ వరసలో పేర్చి చూస్తే, చివరివాడు భయపడుతున్నది మొదటివాడికే.

ఆయనకు మోకాళ్ల నొప్పులు వచ్చి ఊళ్లు తిరగడం మానేశాక నన్ను విశాఖపట్నంలో ఆయుధాల వ్యాపారి జిలానీ గారికి ఇచ్చేశాడు. తెల్ల పలకలు ఊడదీసి తనే ఉంచుకుని, పాత పలకలే మళ్లీ బిగించాడు. మూడేళ్లు అక్కడ గాజు తలుపు వెనక గడిపాను.

ఒక ఉదయం హైమావతి వచ్చింది. నలభై ఏడేళ్ల గృహిణి, వెంట భర్త సుధాకర్. కాలేజీలో ఎన్‌సీసీలో ఉండగా తుపాకీ గురిలో అందరికంటే ముందుండేదట. జాతీయ శిబిరానికి ఎంపికైంది కూడా. అదే వారంలో పెళ్లి ముహూర్తం పడి వెళ్లలేదు. పిల్లలు చదువులు ముగించి ఉద్యోగాల్లో కుదురుకున్నాక రైఫిల్ క్లబ్బులో చేరింది. కార్తీకంలో రాష్ట్ర పోటీలు. జాతీయ పోటీలకు వెళ్లే పెద్ద బోరు మహిళల జట్టుకు ఇద్దరు దొరికారు, మూడో చోటు ఖాళీ. ఆ రాష్ట్ర పోటీల్లో మూడు వందల పాయింట్లకు రెండు వందల అరవై తెచ్చుకుంటే అది ఆమెదే.

జిలానీ గారు బల్ల మీద మూడు పిస్తోళ్లు పెట్టారు. "మేడమ్, ఈ కొత్తది చూడండి. అందం, బరువు అన్నీ బాగుంటాయి. ఆ చివరిది పాతది, ఊరికే చూపిస్తున్నా" అన్నారు. ఆ పాతది నేనే.

ఆమె మొదట మా ముగ్గురి కడుపులూ తెరిచి తూటాలు లేవని చూసుకుంది, వంకాయలు తిరగేసి పుచ్చులు వెతికినట్టు. తర్వాత ఒక్కొక్కదాన్నే పట్టుకుని, కళ్లు మూసుకుని, ఖాళీ గోడవైపు చెయ్యి చాచింది. కళ్లు తెరిచి చూసింది. కొత్తవి రెండూ పైకి చూస్తున్నాయి. నా మూతి మీద గురి చూసే సైటు మాత్రం వెనక గాడి మధ్యలో కుదురుగా కూర్చుని ఉంది.

"ఇదే" అంది.

"మెరుపు లేదే దానికి" అన్నాడు సుధాకర్.

"అట్లకాడ కొనేటప్పుడు మెరుపు చూస్తామా? చేతికి కుదరాలి."

ఒక్కటే లోపం. నా పిడి లావు, ఆమె చెయ్యి చిన్నది. క్లబ్బులో నేర్పే రిటైరైన హవల్దారు అప్పన్న చూసి నవ్వాడు. "ఏటమ్మా ఇది, మీరు దాన్ని పట్టుకున్నారా, అది మిమ్మల్ని పట్టుకుందా?"

"ఈసారి జట్టులోకి రాకపోతే తిరిగి ఇచ్చేస్తాను మాస్టారూ. మళ్లీ ఈ ఊసెత్తను." ఆ షరతు ఇంట్లో ఎవరూ పెట్టలేదు, తనకు తనే పెట్టుకుంది. గాజు తలుపు గుర్తొచ్చి నా గుండె గుభేలుమంది. నాకు గుండె ఎక్కడిదని అడగకండి.

సుధాకర్ మంచివాడు, ఉత్సాహవంతుడు. ఆ సాయంత్రమే కాగితం మీద పెద్ద జాబితా రాశాడు. కొత్త సైట్లు, తేలిక ట్రిగ్గరు, ఎగిరిపడకుండా మూతికి బరువు, రబ్బరు పిడి.

"పులుసు కుదరకపోతే ఉప్పూ బెల్లం పిండీ ఒకేసారి వేసేస్తామా? ఏది పనిచేసిందో తెలిసేదెలా?" అంది ఆమె. సైట్లు బాగానే ఉన్నాయి. ట్రిగ్గరు తేలికైతే తన తొందర పెరుగుతుంది. బరువు కడితే మణికట్టు ఓర్చుకోలేదు. ఒక్కొక్కటీ కొట్టేయగా పిడి మిగిలింది.

చపాతీ పిండి గట్టిగా కలిపి, ముద్దను గుప్పిట్లో నొక్కింది. వేళ్ల గుర్తులు పడిన ఆ ముద్దనూ, నా పాత పిడి పలకలనూ తీసుకెళ్లి వడ్రంగి నరసింహాచారికి ఇచ్చింది. అతను అటూ ఇటూ తిప్పి చూసి, "కొలతలు ఇలా తెచ్చినవాళ్లు ఇంతవరకూ లేరమ్మా" అంటూ టేకుతో పలచటి పలకలు చేసిచ్చాడు. మొదటిసారి ఒక చెయ్యి నా చుట్టూ పూర్తిగా అందింది. రెండు వందల ముప్పయి ఎనిమిది ఉన్న స్కోరు నెల తిరిగేసరికి రెండు వందల యాభై అయిదుకు చేరింది.

అప్పుడు దసరా వచ్చింది. ఆయుధ పూజకు కుట్టు మిషను, స్కూటరు, కత్తిపీట పక్కన నన్నూ ఖాళీ చేసి పీట మీద పెట్టారు. హైమావతి పులిహోర కలుపుతుండగా అత్తగారు రత్నమాంబ నాకు గంధం, పసుపు, కుంకుమ పెట్టింది. నన్ను చూసి ఆమెకు జాలి కలిగింది. దీపం దగ్గరి నువ్వుల నూనె నా సందుల్లో పోసి, పైభాగాన్ని అటూ ఇటూ ఆడించింది. పండగ అయ్యాక హైమావతి పైపైన తుడిచి నన్ను పెట్టెలో పెట్టింది.

పది రోజుల తర్వాత క్లబ్బులో మూడో తూటాకు నా పైభాగం సగంలో ఇరుక్కుపోయింది. ఐదోదానికీ అంతే. "స్ప్రింగు సచ్చిపోయుంటాది" అన్నాడు అప్పన్న. స్ప్రింగు మార్చారు, ఇంకా మొండికేశాను. "బ్యారెల్ గొట్టం మార్పిద్దాం" అన్నారు జిలానీ గారు. "పోనీ చిన్న బోరుది తీసుకో" అన్నాడు సుధాకర్. నాకు సంగతి తెలుసు. చెబుదామంటే నాకున్నది ఆ ఒక్క మాటే, అదే గొంతులో అడ్డం పడింది. పోటీకి ఎనిమిది రోజులుంది.

ఆ ఉదయం నాలుగు తూటాలు పేలి నేను వేడెక్కాను. హైమావతి నన్ను కిందికి దించబోయి ఆగింది. తూటాలు తీసేసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"మాస్టారూ, దీపం కొండెక్కిన వాసన రావటం లేదూ?"

"నాకు మందు వాసన తప్ప ఇంకేటీ తెలీదమ్మా."

పాత పేపరు పరిచి నన్ను విప్పింది. పైభాగం జరిగే గాడుల్లో పసుపూ కుంకుమా నువ్వుల నూనెలో నాని, మందు మసితో కలిసి బంకలా పట్టి ఉన్నాయి. పాత టూత్‌బ్రష్‌తో గంటసేపు తోమింది. కొత్త స్ప్రింగు తీసేసి పాతదే వేసింది. యాభై తూటాలు ఆగకుండా పలికాను.

ఇంటికి వెళ్లి నెమ్మదిగా అడిగింది. "అత్తయ్యా, పూజనాడు దీనికి నూనె వేశారా?"

"నాలుగు చుక్కలేనమ్మా, మిషనుకు వేసినట్టే. పాపం, ఎండిపోయినట్టు కనపడింది." రత్నమాంబ కోడలి ముఖంలోకి చూసింది. "చెడిపోయిందా?"

"లేదు. జలుబు చేసింది, తగ్గిపోయింది."

పోటీనాడు పెద్దావిడ అందరికంటే ముందు ముస్తాబై, చెవుల్లో దూది పెట్టుకుని కాల్పుల రేంజికి వచ్చి కూర్చుంది. చివరి అయిదు తూటాలకు యాభైలో నలభై ఏడు రావాలి. నాలుగింటికి ముప్పయి ఎనిమిది వచ్చాయి. అయిదోదానికి హైమావతి నన్ను ఎత్తి, మళ్లీ దించింది. ఊపిరి సర్దుకుంది. టేకు పలకల మీద ఆమె వేళ్లు ఒక్కొక్కటే తమ గుంతల్లో కూర్చున్నాయి. ఆమె సగం ఆమె చేసింది, నా సగం నేను చేశాను.

పది. మొత్తం రెండు వందల అరవై ఒకటి.

రత్నమాంబ దూది తీయడం మరచిపోయి, "ఏమన్నారు? ఎంతన్నారు?" అని పక్కవాళ్లను అడుగుతూనే ఉంది. అప్పన్న కొత్త స్ప్రింగు చేతిలో పట్టుకుని, "దీన్నేటి సేత్తారమ్మా ఇప్పుడు?" అన్నాడు.

"అత్తయ్య మిషనుకు పనికొస్తుందేమో అడుగుతాను" అంది హైమావతి.

మళ్లీ దసరా వచ్చింది. ఈసారి రత్నమాంబ నన్ను ముట్టుకోలేదు. పెట్టె మూత మీద గంధం రాసి, బొట్టు పెట్టి, పక్కన నా నూనె డబ్బా కూడా ఉంచి దానికీ ఒక బొట్టు పెట్టింది. "వాసనే లేదు, ఇదేం నూనో" అని గొణిగింది కూడా.

ఎప్పుడో ఒకనాడు నన్ను కొలిమిలో వేస్తారు, ఉక్కుకు అది తప్పదు. అందాకా నా పిడి మీద నాలుగు వేళ్ల గుంతలున్నాయి. అవి ఇంకెవరికీ సరిపోవు. వచ్చే నెల జాతీయ పోటీలు. ఇరవై ఏడేళ్ల కింద ఆగిపోయిన ఆ ప్రయాణానికి ఆమె పెట్టె సర్దుకుంటోంది. బట్టల కంటే ముందు పాత టూత్‌బ్రష్ పెట్టుకుంది.