వాసన వచ్చిందని ఒక్క మాట

బట్టలు మడతపెట్టి సంచిలో సర్దుతూ, అలవాటు కొద్దీ వాటి మధ్య ఒక ఆపిల్ పెట్టిందామె. చెల్లెలింటికి ఎప్పుడు బయల్దేరినా అంతే. అక్కడ దిగి సంచి తెరిచేసరికి బట్టలన్నీ ఘుమఘుమలాడేవి. "తోటనే మోసుకొచ్చావా అక్కా!" అనేది చెల్లెలు.

"సోమవారం వ్యాపారి వస్తున్నాడు, గుర్తుందిగా? ఈలోగా వచ్చెయ్యాలి," గుమ్మంలోంచి భర్త.

గుర్తులేకేం! కాపురానికొచ్చిన నాటి నుంచీ కాయ ఎప్పుడు కోయాలో చెప్పింది ఆమె ముక్కే. వంట ముగించి, చెట్టు చెట్టుకీ తిరిగి వాసన చూసి, "ఇవాళ ఈ వరుస" అనేది. ఆమె మాట మీద వ్యాపారులు సరుకెత్తేవాళ్ళు. పేరు మాత్రం ఆయనది. "మా కోడలికి వాసనలు చూడ్డం తప్ప ఇంకేం వచ్చు!" అని అత్తగారు నలుగురిలో నవ్వేది. తనూ నవ్వేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

కిందటి కోతకు ముందు, కాయ రాలకుండా, తొందరగా పండకుండా ఆయన మందు కొట్టించాడు. "ఇక నీ ముక్కుకి సెలవు," అన్నాడు. తనకు వీలైనప్పుడు కోయించి, ప్రాణవాయువు తగ్గించిన కోల్డ్ స్టోరేజీ గదిలో పెట్టి తలుపు బిగించాడు. నెలల తర్వాత తెరిస్తే ఎరుపు అలాగే ఉంది, కొరికితే కరకర. వాసనే లేదు.

"ఇదేంటండీ, మైనపు బొమ్మలా ఉంది?" అన్నాడు వ్యాపారి.

"బయట పెడితే వారంలో వాసన వస్తుంది లెండి. మా ఆవిడ చూసి చెప్తుంది."

"అమ్మగారు చెబితే ఇంకేం, సోమవారం ఎత్తేస్తా."

అప్పట్నుంచీ వంటింటి కిటికీలో నాలుగు కాయలు. అంట్లు తోముతూ ఒకసారి, బట్టలారేసి వచ్చి ఒకసారి, పడుకోబోతూ ఇంకోసారి ముక్కు దగ్గర పెట్టుకుంది. తొక్క ముడతలు పడింది గానీ వాసన పుట్టలేదు.

"మందూ, ఇన్ని నెలల చలీ కలిసి వాసన పుట్టే గుణాన్నే చంపేశాయండీ. ఇక రాదు," అంది నిన్న.

"వచ్చిందని చెప్తే నీ సొమ్మేం పోయింది? ఒక్క మాట!"

"మొగుడి కోసం ఆ మాత్రం అనలేవుటే?" అంది అత్తగారు.

ఇన్నేళ్ళలో ఎన్ని మాటలు చెప్పింది! నడుం నొప్పన్నా, తోటపనికి మనిషిని పెట్టమన్నా, చదువుకుంటానన్నా ఒక్కటీ చెవికెక్కలేదు. ఇప్పుడు అబద్ధం ఒకటి కావాల్సొచ్చేసరికి తన మాటకి ఇంత విలువొచ్చింది.

సంచి మూసింది, తెరిచింది. మళ్ళీ మూసింది. లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చి, సంచిలోకి ముఖం పెట్టి గట్టిగా పీల్చింది. ఉతికిన సబ్బు వాసన, పాత గుడ్డ వాసన. అంతే.

బట్టలన్నీ మంచం మీద కుమ్మరించి, అటక మీంచి పెద్ద సంచి దించింది. చలిబట్టలు, రెండో కళ్ళజోడు, అమ్మ దువ్వెన పెట్టుకుంది.

"నాలుగు రోజులకు అంత సంచెందుకు?"

"ఇందులో పట్టవు," అంది చిన్న సంచి చూపిస్తూ. ఆపిల్ ఆయన చేతిలో పెట్టింది. "వ్యాపారికి మీరే చెప్పండి."

సోమవారం వ్యాపారి వచ్చాడు. ఆమె రాలేదు. చెట్లు మళ్ళీ పూశాయి, కాయ కోశారు, గది మూశారు, తెరిచారు. చలికాలం ఆఖరి గురువారం ఆ ఇంట్లోంచి వెళ్ళిన ఆమె ఇక ఎన్నడూ తిరిగి రాలేదు.