మెషీన్‌కి ఎడమవైపు

"అమ్మాయ్, నిలబడ్డాయి! రెండుసార్లు ఆపి ఆన్ చేశాను. ఒక్క పోర్టు పేరూ కదల్లేదు!"

స్పీకర్ పెట్టిన ఫోన్లో మీసాల బాబాయి మాట వినగానే ఆమె గరిటె పట్టుకునే ఓ గెంతు గెంతింది.

బాబాయి సర్వర్లు బిగించే టెక్నీషియన్. పోయిన నెల ఆస్పత్రి ల్యాబులో కొత్త నెట్‌వర్క్ కార్డు పెడితే, మెషీన్ ఆన్ కాగానే కేబుల్ గుచ్చే పోర్టుల పేర్లు తారుమారయ్యాయి. రెండు గంటలు రక్తపరీక్షల రిపోర్టులు డాక్టర్లకు చేరలేదు. పాపం, ఆయన కంపెనీ సూచనల పేజీనే పొల్లుపోకుండా పాటించాడు. అయినా తప్పు ఆయన నెత్తికే చుట్టుకుంది. ఇంకోసారి ఇలా అయితే ఉద్యోగం ఊడుతుందన్నారు. అదే కంపెనీలో సూచనలు రాసే ఉద్యోగం ఆమెది; ఆ పేజీ తిరగరాసే పని ఆమెకు అప్పగించారు.

మెషీన్‌కి ఏ పోర్టు ముందు కనబడితే దానికి మొదటి పేరు అన్న పాత పద్ధతి తీసేసి, పోర్టు ఉన్న చోటును బట్టి ఎప్పటికీ మారని పేరు పెట్టడమెలాగో వివరంగా రాసింది. ఆఫీసులో అందరూ భేష్ అన్నారు. అయినా మనసొప్పక, పాత సర్వరొకటి ఇంటికి మోసుకొచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, పేజీ మొగుడి చేతికిచ్చింది. పెళ్లయి నలభై రోజులు. ఆయన దర్జీ. కేబుల్ పట్టుకుని బల్ల చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు.

"ఎడమవైపు పోర్టు అని రాశావు. తొడుక్కునేవాడి ఎడమా, చూసేవాడి ఎడమా?"

"అదేం ప్రశ్నండీ?"

"జేబు కుట్టేవాడు మొదట అడిగే ప్రశ్న. నీ బొమ్మేమో ముందునుంచి గీశావు, పోర్టులేమో వెనకున్నాయి."

ఆమె నెత్తి కొట్టుకుంది. అప్పటికప్పుడు బొమ్మ మార్చి, 'ముందుగా మెషీన్ వెనక్కి వెళ్లి నిలబడండి' అని పైన చేర్చింది. ఇవాళ ఆ పేజీ చూస్తూనే బాబాయి మరో కార్డు బిగించాడు.

"ఆ వాక్యం దగ్గరే ఆగాను తల్లీ," అంటున్నాడు బాబాయి ఫోన్లో. "చెయ్యి అప్పటికే తప్పు పోర్టు మీదుంది. నీకెలా తట్టింది?"

"నాకు తట్టలేదు బాబాయ్. మా ఇంటి దర్జీకి తట్టింది."

"అయితే ఆయనకు నా దణ్ణం చెప్పు." బాబాయి ముక్కు చీదిన చప్పుడు వినబడింది. ఆమె కళ్లూ చెమర్చాయి.

ముందుగదిలో కుట్టుమిషన్ ఆగింది. "ఎవరికే దణ్ణం?"

"మీకే, మహానుభావా!" ఆమె వెళ్లి వెనకనుంచి మెడ చుట్టేసింది. "ఇది తొడుక్కునేవాడి వెనకా, చూసేవాడి వెనకా?"

"సూది గుచ్చుకుంటుందే, వదులు!" అన్నాడు గానీ, ఆమె చేతులు పట్టుకుని తానే వదల్లేదు.

తొమ్మిది రోజులుగా బల్లంతా సర్వర్‌దే. ఇద్దరూ ఒళ్లో పళ్లేలు పెట్టుకునే తింటున్నారు.

"బాబాయ్, వింటున్నారా? రేపు పొద్దున్నే మెషీన్ ఆఫీసుకి పంపించేస్తాం. మధ్యాహ్నం భోజనానికి మీరు రావాలి, బల్ల దగ్గరే. మా ఆయన మీకు చొక్కా కొలతలు తీసుకుంటారు. జేబు ఎడమవైపు," అని మొగుడికేసి చూసి నవ్వింది. "తొడుక్కునేవాడి ఎడమ."